ఎఫ్ కార్డు పలకని చేతితో ముప్పై నాలుగేళ్లు

సభకు నమస్కారం.

విజయవాడలో సంగీతం గురించి మాట్లాడాలంటే ఎవరికైనా కాస్త జంకు ఉంటుంది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు పాఠం చెప్పిన ఊరు, ఆయన దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నేర్చుకున్న ఊరు, 1948 డిసెంబరులో ఆకాశవాణి కేంద్రం వచ్చాక భక్తిరంజనితో తెల్లవారిన ఊరు ఇది. ఇక్కడి శ్రోతల చెవి పదునైనది. నేనేమో ముప్పై నాలుగేళ్లుగా గిటారు వాయిస్తున్నా, ఎనిమిది కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికేలా తీగలు నొక్కే పట్లు, దాటి ముందుకు వెళ్లలేకపోయినవాణ్ణి. అయినా రోజూ సాయంత్రం దాన్ని ఒళ్లోకి తీసుకోకుండా ఉండలేను. ఆ ఆనందం ఎక్కడి నుంచి వస్తోందో మీకు చెప్పాలని వచ్చాను.

నాకది మొదట శ్రుతి చేయడంలోనే దొరికింది. అన్నిటికన్నా లావైన ఆరో తీగను అయిదో మెట్టు దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరమూ, అయిదో తీగను నొక్కకుండా మీటితే వచ్చే స్వరమూ ఒకటే కావాలి. అంటే రెండూ సెకనుకు 110 సార్లు కంపించాలి. అయిదో తీగ కాస్త దిగి 107 దగ్గర ఉంటే, రెండింటినీ కలిపి మీటినప్పుడు ఆ ధ్వని సెకనుకు మూడుసార్లు పొంగుతూ తగ్గుతూ వణుకుతుంది. బిరడాను మెల్లగా తిప్పుతూ పోతే ఆ వణుకు నెమ్మదించి, సాగి, ఒక క్షణాన పూర్తిగా ఆగిపోయి, రెండు తీగలూ ఒకే తీగలా నిలుస్తాయి. అప్పుడు గిటారు వెనక చెక్క నా ఛాతీకి ఆనుకుని గుమ్మంటుంది. దానికి వేళ్లలో వేగం అక్కర్లేదు, వినే ఓపిక ఉంటే చాలు.

మా అమ్మ ఏనాడూ గిటారు ముట్టలేదు. కరెంటు పోయిన ఒక వేసవి రాత్రి సత్యనారాయణపురంలో మా డాబా మీద నేను శ్రుతి చేసుకుంటుంటే, చీకట్లో మంచం మీద నుంచి, "ఆ సన్నతీగ పక్కది ఇంకా కిందే ఉందిరా, కాస్త ఎక్కించు" అంది. భజనల్లో పాడిన చెవి అది.

మన ఇళ్లలో పిల్లల సంగీతాన్ని పోటీల్లో వచ్చిన బహుమతులతో కొలుస్తాం. బహుమతి రాని పిల్లవాడి వయొలిన్ అటకెక్కుతుంది. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది. రామమందిరంలో భజనకు కూర్చుని తాళాలు పట్టినవాణ్ణి విద్వత్తు ఎంతని ఎవరూ అడగరు. కచేరీ పొడుగునా తంబుర మీటినవారినీ అడగరు. ఆ మర్యాద ఇంట్లో వాయించుకునేవాడికీ దక్కాలి. నీ వేళ్లు పొట్టివి, నీకిది రాదని మొదట్లో ఒక మాస్టారు అన్నమాటకు నేను రెండేళ్లు గిటారు పక్కన పెట్టాను. ఆ రెండేళ్లు తిరిగి రావు.

ఎఫ్ కార్డుకు చూపుడువేలితో మొదటి మెట్టు దగ్గర ఆరు తీగలనూ ఒకేసారి అదిమిపట్టాలి. నా వేలి కణుపు కింద ఒక తీగ ఎప్పుడూ మూగబోతుంది. అందుకని లావు తీగలు రెండూ వదిలేసి, కింది నాలుగే మీటుతూ, చివరి సన్నతీగను నొక్కకుండా వదిలేయడం అలవాటు చేసుకున్నాను. ఎఫ్ స్వరాన్ని షడ్జమంగా, అంటే 'స'గా, పెట్టుకుని వింటే, ఆ నాలుగు తీగల్లో షడ్జమం, అంతర గాంధారం, పంచమం, వాటిమీద కాకలి నిషాదం, అంటే పై 'స'కు ఆనుకుని ఉండే 'ని', పలుకుతాయి. షడ్జమానికి అరస్వరం దూరంలో ఆగిపోయిన ఆ నిషాదంలో ఒక ఎదురుచూపు ఉంటుంది. అసలు ఎఫ్ కార్డులో అది లేదు. చేతకాక వదిలేసిన తీగే ఇప్పుడు నేను అన్నిటికన్నా ఇష్టంగా వినే తీగ.

నేను మీకు వినిపించబోయేది ఆ కార్డుతోనే మొదలవుతుంది. ఒక్క నిమిషం, శ్రుతి చూసుకుంటాను.