ఇక్కడ కెమెరా లేదమ్మా

శ్రోతలకు నమస్కారం.

ఒకరోజు తెల్లవారుజామున గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్తున్నాను. అద్దె కారు. డ్రైవరుకు పాతికేళ్లు ఉంటాయేమో, మర్యాదస్తుడు. స్టీరింగ్ పక్కన తగిలించిన ఫోను ఉన్నట్టుండి మాట్లాడింది, ముందు స్పీడ్ కెమెరా ఉందని. 130 మీద పోతున్న బండి గబగబా 110కి దిగింది. కెమెరా ఉన్న స్తంభం వెనకబడిందో లేదో, ముల్లు మళ్లీ 130 దగ్గరికి చేరింది. "కాస్త నెమ్మదిగా వెళ్దాం బాబూ" అన్నాను. అతను అద్దంలోంచి నన్ను చూసి, ధైర్యం చెబుతున్నట్టుగా, "ఇక్కడ కెమెరా లేదమ్మా, భయపడకండి" అన్నాడు.

నా భయమంతా కెమెరాను చూసేనని అతను నిజంగానే అనుకున్నాడు. ఆ మాట చాలా రోజులు నన్ను వదలలేదు. కెమెరా ఎక్కడుందో ముందే చెప్పే ఈ ఫోన్లు, పరికరాలు చట్టానికి లోబడినవేనా, వాటిని వాడటం న్యాయమేనా అన్నది ఈనాటి నా ప్రసంగ విషయం.

ముందుగా, ఇవి పనిచేసే తీరు. పాతకాలపు రాడార్ డిటెక్టర్ పోలీసుల రాడార్ నుంచి వచ్చే తరంగాలను పసిగట్టి కూస్తుంది. పోలీసులు చేత్తో పట్టుకుని వేగం కొలిచే లేజర్ గన్ ముందు దాని ఆటలు అంతగా సాగవు. ఆ కిరణం సన్నగా వచ్చి నేరుగా మీ బండినే తాకుతుంది, పరికరం కూసేలోపే వేగం నమోదైపోతుంది. అందుకే ఇప్పుడు అందరూ యాప్‌ల మీద పడ్డారు. ఏ కెమెరా ఎక్కడుందో పట్టికగా ఉంచుకుని, దారిన పోయేవాళ్లు పంపే కబుర్లు దానికి కలుపుకుని, అవి మనల్ని హెచ్చరిస్తాయి. గూగుల్ మ్యాప్స్ 2019లో మన దేశంతో సహా 40కి పైగా దేశాల్లో ఈ సౌకర్యం తెచ్చింది. ఇక మూడో రకం జామర్. పోలీసు పరికరాన్నే పనిచేయకుండా చేసేది. దీని గురించి చర్చ అక్కర్లేదు. నంబరు ప్లేటుకు మాస్కు తొడగడం ఎలాంటి మోసమో ఇదీ అలాంటి మోసమే.

ఈ తగవు కెమెరాల కంటే పాతది. ఇంగ్లండులో 1903 నాటి చట్టం కార్లకు గంటకు 20 మైళ్ల పరిమితి పెట్టింది. పోలీసులు పొదల చాటున స్టాప్‌వాచీలు పట్టుకుని కూర్చునేవారు. ఆ వలల నుంచి సభ్యులను తప్పించడానికే 1905లో ఆటోమొబైల్ అసోసియేషన్ పుట్టింది. దాని మనుషులు రోడ్డు మీద తిరుగుతూ ముందు పోలీసులున్నారని కార్లవాళ్లకు చెప్పేవారు. 1907లో అలాంటి ఒక కేసులో కోర్టు నేరం లేదంది. హెచ్చరిక అందుకున్నవాళ్లు ఆ క్షణంలో పరిమితి దాటి పోతున్నారని రుజువు కాలేదు కనుక. 1910లో ఇంకో కేసు వచ్చింది. ఈసారి కార్లు పరిమితి దాటే పోతున్నాయి, హెచ్చరిక విని తగ్గాయి. పోలీసుల విధికి ఆటంకం కలిగించినట్టేనని కోర్టు తేల్చింది. అప్పుడు ఆ సంఘం ఒక ఉపాయం పన్నింది. కారు మీద సంఘం బిళ్ల కనబడితే దాని మనుషులు ఎప్పుడూ సలాం కొడతారు. కొట్టలేదంటే ముందు వల ఉందని అర్థం. సలాం కొట్టనందుకు ఎవరినీ శిక్షించలేరు కదా!

తెలివైన ఉపాయమే. కానీ ఆ తెలివి దేనికి ఖర్చయిందో చూడండి. ఆ రోడ్ల పక్కన నడిచేవాళ్లకు దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

ఇప్పుడు దేశానికో న్యాయం నడుస్తోంది. అమెరికాలో రాడార్ డిటెక్టర్‌ను అన్ని వాహనాల్లోనూ నిషేధించిన రాష్ట్రం వర్జీనియా ఒక్కటే. అక్కడే మిస్సోరీ రాష్ట్రంలో, ఎదురు వాహనాలకు లైటు కొట్టి పోలీసుల సంగతి చెప్పిన వ్యక్తి పక్షాన 2014లో ఫెడరల్ న్యాయమూర్తి నిలబడ్డారు. వేగం తగ్గించమని చెప్పడమంటే చట్టాన్ని పాటించమని చెప్పడమే కదా అన్నది అక్కడి వాదన. బ్రిటన్‌లో డిటెక్టర్ వాడకం నేరం కాదని 1998లో హైకోర్టు చెప్పింది. జర్మనీలో బండి నడుపుతూ ఇలాంటి యాప్ వాడితే 75 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పెనాల్టీ పాయింటు.

మన మోటారు వాహనాల చట్టం వేగానికి పరిమితి పెట్టింది. పరిమితి మీరితే 183వ సెక్షన్ కింద తేలికపాటి వాహనానికి 1,000 నుంచి 2,000 రూపాయల జరిమానా. కెమెరా హెచ్చరిక యాప్‌ల ఊసు అందులో ప్రత్యేకంగా లేదు. పైగా, కెమెరాల నిఘాకు సంబంధించి 2021 ఆగస్టులో తెచ్చిన 167ఎ నియమం, నిఘా ఉన్న రోడ్డుకు ముందు స్పష్టంగా కనబడేలా హెచ్చరిక బోర్డులు పెట్టాలని ప్రభుత్వాలనే ఆదేశించింది. బోర్డు మీద రాసి ఉన్నదాన్ని ఫోను చదివి వినిపిస్తే తప్పేమిటి? స్థిరంగా ఉన్న కెమెరా విషయంలో ఈ ప్రశ్నకు నా దగ్గర ఎదురుమాట లేదు. ప్రమాదాలు జరిగే మలుపు దగ్గర కెమెరా పెట్టారంటే, అక్కడ అందరూ తగ్గాలనే పెట్టారు. దాన్ని చెట్టు కొమ్మల చాటున దాచి చలానాలు లెక్కపెట్టుకోవడం పాలన అనిపించుకోదు.

చోటు మార్చుకుంటూ ఉండే లేజర్ గన్ సంగతి వేరు. అది ఎక్కడైనా ఉండవచ్చు అన్న అనుమానమే దాని బలం. ఆ అనుమానం వల్ల 158 కిలోమీటర్ల ఔటర్ అంతటా కాలు కాస్త వెనక్కు తగ్గుతుంది. దాని జాడ బయటపడిందంటే భయం ఆ 200 మీటర్లకే కుదించుకుపోతుంది, మిగిలిన దారంతా ఎవరిష్టం వారిది. నా డ్రైవరు చేసింది సరిగ్గా అదే. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని కంటికి తెలిసి కాలు బ్రేకు మీద పడేసరికే ఆ దూరం దాటిపోతాం. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలకు అతివేగాన్నే కారణంగా రాశారు. వాళ్లలో ఎంతోమంది కెమెరా లేని చోటనే పోయి ఉంటారు.

ఈ విషయంలో ఫ్రాన్స్ చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. 2012 నుంచి అక్కడ కెమెరా ఉన్న బిందువును చూపించే పరికరాలు నిషిద్ధం. "ప్రమాదకర ప్రాంతం" అని మాత్రం చెప్పవచ్చు. ఎక్స్‌ప్రెస్ రహదారిలో 4 కిలోమీటర్లు, ఊళ్ల మధ్య రోడ్లపై 2 కిలోమీటర్లు, ఊళ్లో 300 మీటర్ల మేర ఆ హెచ్చరిక ఉంటుంది. అందులో కెమెరా ఎక్కడుందో, అసలు ఉందో లేదో కూడా తెలియదు. మనిషిని ఒక్క స్తంభం దగ్గర కాక 4 కిలోమీటర్లు జాగ్రత్తగా నడిపిస్తుంది. మన దగ్గర కూడా యాప్‌లవాళ్లకు ఈ నిబంధన పెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఫ్రాన్స్ 2021లో ఇంకో అడుగు వేసింది. తాగి నడిపేవారి కోసం తనిఖీ చేస్తున్నప్పుడు ఆ ప్రాంతంలో పోలీసుల జాడ యాప్‌లలో కనబడకుండా 2 గంటల వరకూ ఆపించవచ్చు. ఎవరినైనా అపహరించుకుపోతున్న వాళ్ల కోసం గాలిస్తుంటే 12 గంటల వరకూ.

ఈ చివరి సంగతి, ముందు పోలీసులున్నారని ఎదురు బండికి లైట్లతో డిప్పర్ కొట్టే మన లారీ సోదరులు, కారు సోదరులు ఒక్కసారి ఆలోచించాలి. ఎదురొచ్చే బండిలో ఉన్నదెవరో మీకు తెలియదు. తోటి డ్రైవరుకు చలానా తప్పించానని మీరు సంతోషిస్తారు. ఆ బండి నడుపుతున్నవాడు పీకలదాకా తాగి ఉండవచ్చు. వెనక సీట్లో ఎవరి పిల్లో ఏడుస్తూ ఉండవచ్చు.

ఆ కుర్రవాణ్ని నేను తప్పుబట్టి ఊరుకోలేదు. మాట కలిపాను. రోజుకు ఇన్ని ట్రిప్పులు పడితే గానీ కారు వాయిదా కట్టలేనని, ఒక్క చలానా పడితే ఆ రోజు కూలి పోయినట్టేనని చెప్పాడు. అతన్ని తొందరపెట్టేది ఫోను ఒక్కటే కాదు. పది నిమిషాలు ముందు బయలుదేరని నాలాంటి ప్రయాణికులు కూడా. "నా విమానానికి ఇంకా టైముంది, 90లో పోనివ్వు బాబూ" అంటే అతని భుజాలు కిందికి దిగడం నేను చూశాను.

నా చిన్నతనంలో ఒక రాత్రి సూర్యాపేట దాటి వస్తున్నాం. నాన్నగారు కారు నడుపుతున్నారు. ఎదురుగా వచ్చే లారీ మూడుసార్లు డిప్పర్ కొట్టింది. నాన్నగారు ఏమీ ప్రశ్నించకుండా వేగం తగ్గించారు. మలుపు తిరిగేసరికి లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీ రోడ్డుకు అడ్డంగా ఒరిగి ఉంది, వడ్ల బస్తాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నాన్నగారు కారు పక్కకు ఆపి, దిగి, వెనక వచ్చేవాళ్లకు కనబడేలా టార్చి ఊపుతూ చాలాసేపు ఆ చీకట్లో నిలబడ్డారు.

సెలవు.