తెలుగు పేజీకి తెలుగు కొలతలు

సభకు నమస్కారం.

వెబ్‌సైట్ డిజైన్ అనగానే రంగుల గురించీ, కదిలే బొమ్మల గురించీ మాట్లాడుకుంటాం. ఈ రోజు వత్తుల గురించి మాట్లాడదాం. మన సైట్లలో చాలావాటిని ముందు ఇంగ్లీషులో, పెద్ద తెర మీద గీస్తారు. చివర్లో తెలుగు మాటలు తెచ్చి అందులో నింపుతారు. ఫోన్‌లో పేజీ చెదిరిపోవడం అక్కడే మొదలవుతుంది.

వరుసల ఎత్తుతో మొదలుపెడదాం. ఇంగ్లీషుకు లైన్-హైట్ (వరుస ఎత్తు అక్షరం సైజుకు ఎన్ని రెట్లో చెప్పే విలువ) 1.5 చాలు. తెలుగులో అక్షరం పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, 'రాష్ట్రం'లో లాగా ఒక్కోసారి రెండు వత్తులుంటాయి. అందుకే 1.7తో మొదలుపెట్టి, ఫాంటును బట్టి సవరించుకోండి. ఆ విలువను పిక్సెళ్లలో ఇవ్వకండి. పాఠకుడు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచితే వరుసల ఎత్తు పెరగక, పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి.

బటన్ల దగ్గరా ఇదే జబ్బు. ఎత్తు 36 పిక్సెళ్లని బిగించి, పొంగినదాన్ని దాచెయ్యమని రాస్తే వత్తు తెగుతుంది. 'సబ్మిట్' పట్టిన వెడల్పులో 'సమర్పించండి' పట్టదు. కనీస ఎత్తు 48 పిక్సెళ్లు, పైనా కిందా 12 పిక్సెళ్ల ఖాళీ ఇచ్చి, వెడల్పును మాటకే వదిలెయ్యండి. 48 అనేది ఆండ్రాయిడ్ మార్గదర్శకాల్లోని కొలత, ఆపిల్‌ది 44. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం 24కు 24 ఉన్నా ఒప్పుకుంటుంది కానీ, బొటనవేలితో నొక్కేవాళ్లకు అది చాలదు.

ఇక ఫాంటు. సన్నటి బూడిదరంగు అక్షరాల ఫ్యాషన్ తెలుగుకు నిజంగా చేటు. వత్తులు అసలే చిన్నవి, ఎండలో ఫోన్ పట్టుకుంటే అవి మాయమైపోతాయి. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి. ఫాంటులో బోల్డ్ లేకపోతే బ్రౌజర్ తానే గీతలను లావు చేస్తుంది, అప్పుడు అక్షరాల లోపలి సందులు పూడిపోతాయి. బోల్డ్ ఉన్న ఫాంటునే ఎంచుకోండి. ఫైలు బరువు తగ్గించడానికి అక్షరాలు ఏరి తీసేటప్పుడు, వత్తులను కలిపే పట్టికలు కూడా పోకుండా చూసుకోండి. అవి పోతే 'స్త్రీ' ముక్కలై పొల్లులతో కనిపిస్తుంది.

ఆ 'స్త్రీ'నే ఇంకోవైపు నుంచి చూడండి. కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్ లెక్కలో 6 సంకేతాలు, అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. పేరు గడికి 20 బైట్లని పరిమితి పెడితే చిన్న పేరు కూడా ఇరుక్కుంటుంది. శీర్షికను ఇన్ని సంకేతాల దగ్గర కొయ్యమని రాస్తే పొల్లు దగ్గర తెగి వేలాడుతుంది. కనిపించని గుర్తులన్నీ తుడిచేసే కోడ్ రాస్తే, 'హైదరాబాద్‌లో' కాస్తా 'హైదరాబాద్లో' అవుతుంది. 'ద్'నూ 'లో'నూ కలవకుండా విడదీసే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను చెత్తగా లెక్కగట్టి పారేసినందుకే ఇలా జరుగుతుంది.

కొత్త పద్ధతుల్లో నిజంగా పనికొచ్చేది కంటైనర్ క్వెరీ. వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరుపెట్టినప్పుడు పేజీ తెర వెడల్పును చూసి మారేది. 2023కల్లా ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చిన ఈ పద్ధతిలో కార్డు తానున్న గడి వెడల్పును చూసి మారుతుంది. అయితే మన సమాసాలు పొడుగు. గడులకు కనీస వెడల్పు సున్నా అని చెప్పకపోతే ఒక్క పొడుగు మాట పేజీ మొత్తాన్ని పక్కకు జరిపేస్తుంది. 'ఓవర్‌ఫ్లో-ర్యాప్: ఎనీవేర్' అని కూడా రాయండి, పట్టని మాట మధ్యలో విరిగి కింది వరుసకు వస్తుంది.

ఫారాల్లో మూడు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. గడిలో అక్షరాలు 16 పిక్సెళ్లకన్నా చిన్నవైతే, ఐఫోన్‌లో గడిని తాకగానే పేజీ పెద్దదై పక్కకు పోతుంది. పేజీ ఎత్తు 100 వీహెచ్ (అడ్రస్ బార్ లేనప్పటి పూర్తి తెర ఎత్తు) అని రాస్తే, అడ్రస్ బార్ తెరిచి ఉన్నప్పుడు అడుగున ఉన్న బటన్ తెర కిందికి పోతుంది. అక్కడ 100 డీవీహెచ్ (బార్‌ను బట్టి మారే ఎత్తు) వాడాలి. ఓటీపీ గడికి అంకెల కీబోర్డు రావాలని చెప్పడం మరిచిపోతే, పెద్దవాళ్లు అక్షరాల మధ్య అంకెలు వెతుక్కోవాల్సి వస్తుంది.

బొమ్మలకు వెడల్పు, ఎత్తు ముందే రాయండి. లేకపోతే బొమ్మ దిగేసరికి పేజీ జారి, వేలు వేరే బటన్ మీద పడుతుంది. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలి, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లు దాటకూడదు.

పరీక్ష 320 పిక్సెళ్ల వెడల్పు దగ్గర మొదలుపెట్టండి. తర్వాత 360, 768, 1280. ప్రతిచోటా అక్షరాల సైజును రెట్టింపు చేసి చూడండి. మెనూలో, బటన్‌లో, పట్టిక తలకట్టులో 'జ్యోత్స్న', 'రాష్ట్రం', 'స్త్రీ' అని పెట్టి, ప్రతి వత్తూ పూర్తిగా కనిపిస్తోందో లేదో తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఆరుబయట నిలబడి చూడండి.