దేవుడు చూసుకుంటాడు సరే, కాగితం ఎవరు చూస్తారు?

అందరికీ వందనాలు. బైబిల్లో సామెతల గ్రంథం మూడో అధ్యాయం ఐదో వచనం ఇక్కడ కూర్చున్న పిల్లలకు కూడా నోటికి వచ్చు, 'నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక' అని నేను మొదలుపెడితే 'నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము' అని మిగతాది మీరే పూర్తి చేస్తారు. అందుకని దానికి అర్థం చెప్పే పని పెట్టుకోను. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ వచనాన్ని మనం ఎలా వాడుకుంటున్నామో అది మాట్లాడతాను. కాస్త గుచ్చుకుంటే ఏమీ అనుకోకండి.

ఒడిశాలో మన గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు తెలుగు సంఘాల్లో రెండు రకాల మనుషులున్నారు. పత్తి డబ్బు చేతిలో పడగానే ఎవరినీ అడగకుండా, 'నాకు తెలుసులే' అని దిగిపోయేవాడు ఒకడు. 'దేవుడు చూసుకుంటాడు' అని కాగితం చదవకుండా సంతకం పెట్టేవాడు ఇంకొకడు. మొదటివాడిది స్వబుద్ధి అని అందరం ఒప్పుకుంటాం, రెండోవాడిది మాత్రం విశ్వాసం అని మెచ్చుకుంటాం. నన్నడిగితే రెండోదీ స్వబుద్ధే, కాకపోతే దేవుడి పేరు తగిలించుకుంది. చదవడానికి బద్ధకం, లేదా చదివితే వద్దనుకోవాల్సి వస్తుందేమోనని భయం, అంతే.

యెహోషువ తొమ్మిదో అధ్యాయం తీయండి. ఆ దేశంలో ఉంటున్నవాళ్లతో ఒప్పందం చేసుకోవద్దని ఇశ్రాయేలుకు దేవుడు ముందే చెప్పాడు. గిబియోనువాళ్లు పాత గోనెలు, చినిగిపోతే కుట్టుకున్న ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టెలు పట్టుకొచ్చి, 'చాలా దూరం నుంచి వచ్చాం, మాతో ఒప్పందం చేసుకోండి' అన్నారు. ఇశ్రాయేలు పెద్దలు అమాయకులేం కాదు, 'మీరు ఇక్కడే మా మధ్య ఉంటున్నారేమో' అని అడిగారు కూడా. రొట్టె చూశారు, బూజు చూశారు, కళ్లతో చూసినదాన్ని నమ్మారు. యెహోవాను మాత్రం అడగలేదు. మూడు రోజులకే తెలిసింది, వాళ్లవి పక్క ఊళ్లేనని. అప్పటికే ప్రమాణం అయిపోయింది.

ఈ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు మన వీధుల్లో తిరిగిన డిపాజిట్ కంపెనీల ఏజెంట్లే గుర్తొస్తారు. బ్రోచర్ తెలుగులో, బాండు ఇంగ్లీషులో, ఏజెంటేమో మన సంఘపు తమ్ముడే, ఇంకేం కావాలి? 2013లో ఒడిశాలో చిట్‌ఫండ్ మోసాలు బయటపడి ప్రభుత్వం జస్టిస్ ఎం.ఎం. దాస్ కమిషన్ వేసింది, ఆ వెనకే ఆంధ్రలో అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ కంపెనీ కూలింది, దాని డిపాజిటర్లు దాదాపు 32 లక్షల మంది. సరిహద్దుకు అటూ ఇటూ చుట్టాలున్న మనలాంటివాళ్లకు రెండు వైపుల నుంచీ దెబ్బే. (నిజానికి వాటిలో చాలావరకు చీటీలే కావు. 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీ వేరు, పేరు చెడింది మాత్రం దానిది.)

మరి దేవుణ్ణి అడగడమంటే ఏమిటి? మోకాళ్ల మీద ఉండగా మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన ఆయనదే అనుకోవడమా? ఆశ పుట్టిన మనసుకు ఆ మొదటి ఆలోచన ఎటు పోతుందో మీకూ తెలుసు నాకూ తెలుసు. అసలు కొన్ని సంగతులు అడగక్కర్లేదు, ఆయన ముందే చెప్పేశాడు. ఇంకొకడి అప్పుకు ష్యూరిటీ పడొద్దని సామెతల్లో ఒకచోట కాదు, చాలా చోట్ల ఉంది, అయినా బావమరిది లోనుకి సంతకం పెట్టి వచ్చి ఉపవాస ప్రార్థన పెట్టించమంటారు.

భూమి సంగతి కూడా అంతే, ఇది చెప్పక తప్పదు. మనది షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా తెచ్చిన 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్, 2002లో దాన్ని ఇంకా బిగించిన సవరణ, ఇవి ఉండగా సవర గిరిజనుల భూమిగానీ కోదు గిరిజనుల భూమిగానీ మన పేరు మీదికి రాదు. అయినా ఏం జరుగుతోంది? స్టాంపు పేపరు మీద తెలుగులో అగ్రిమెంట్ రాస్తారు, అమ్మేవాడికి తెలుగు చదవడం రాదు, ఎడమచేతి బొటనవేలికి ఇంకు పూసి ముద్ర వేయిస్తారు, సాక్షి కొన్నవాడి తోడల్లుడే, పట్టా మాత్రం పాత పేరు మీదే ఉంటుంది. చవగ్గా దొరికింది, దేవుడు ద్వారం తెరిచాడు అని కూడికలో సాక్ష్యం చెబుతారు. తల్లిదండ్రులు లేనివాళ్ల పొలంలోకి చొరబడొద్దన్న దేవుడు ఆ ద్వారం తెరిచాడంటే నేను నమ్మను. పెద్దలు ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

కుర్రాళ్లు వెనక నవ్వుతున్నారు, మీ దగ్గరికీ వస్తున్నా. ఫోన్లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేస్తున్నారు కదా, షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని డబ్బు పెట్టడం. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ల లెక్క తీసి, షేర్ మార్కెట్ మీద నిఘా పెట్టే సెబీ 2024లో చెప్పింది, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది పోగొట్టుకున్నారు, మనిషికి సగటున రెండు లక్షల దాకా. ఇది విని కూడా 'నేను ఆ ఏడుగురిలో ఉంటాను' అనుకోవడమే స్వబుద్ధి. 'దేవుడు నన్ను ఆ ఏడుగురిలో ఉంచుతాడు' అనడం అంతకంటే ప్రమాదం.

ఇప్పుడు యిర్మీయా 32. నాకు చాలా ఇష్టమైన అధ్యాయం. యెరూషలేమును బబులోను సైన్యం చుట్టుముట్టింది, యిర్మీయా కాపలాలో ఉన్నాడు. చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో నా పొలం కొనుక్కో అంటాడు. ఏ లెక్క ప్రకారం చూసినా బుద్ధి ఉన్నవాడు కొనే పొలం కాదు. దేవుడు కొనమన్నాడు, కొన్నాడు. ఎలా కొన్నాడో చూడండి. పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. పత్రం రాసి సంతకం చేశాడు, ముద్ర వేశాడు, సాక్షుల్ని పిలిచాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, విప్పి ఉన్న ప్రతి ఒకటి, రెండూ అందరి ఎదుటా తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, ఎక్కువ కాలం పాడవకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. దేవుడే స్వయంగా చెప్పిన బేరానికి కూడా త్రాసు, సాక్షులు, రెండు కాపీలు! మనకు చెప్పింది బావమరిది.

ఇంకోటి గమనించండి. ఇదంతా అయ్యాకే యిర్మీయా ప్రార్థనలో అడుగుతాడు, పట్టణం బబులోనువాళ్ల చేతికి పోతుంటే పొలం కొనమంటావేమిటి ప్రభువా అని. అనుమానం ఉంది, అయినా చెప్పింది చేశాడు. ఆ పొలంలో యిర్మీయా పంట పండించుకున్నాడని ఎక్కడా లేదు. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ మళ్లీ కొంటారన్న దేవుడి మాటకు అది గుర్తు, అంతే. కానుకేస్తే నూరంతలు వస్తుందని చెప్పేవాళ్లు ఈ అధ్యాయం జోలికి ఎందుకు రారో నాకు అర్థమవుతుంది.

ఎందుకంటే దేవుడి మీద ఆనుకున్నంత మాత్రాన నష్టం రాదని కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీద పడ్డప్పుడు, ప్రార్థన చేసుకుని జీడితోట కౌలుకు తీసుకున్నవాడి చెట్లూ పడ్డాయి, చేయనివాడి చెట్లూ పడ్డాయి. తేడా ఎక్కడ వచ్చిందంటే, సొంత డబ్బు పెట్టినవాడు ఏడ్చి లేచాడు, ఐదు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు, అంటే ఏడాదికి నూటికి అరవై, వాడు ఊరే వదిలిపోయాడు. అప్పు చేసేవాడు అప్పిచ్చినవాడికి దాసుడు అన్న మాట ముందు నుంచీ బైబిల్లోనే ఉంది కదా, తుఫాను వచ్చి కొత్తగా చెప్పిందేం లేదు.

ఇంట్లో ఆడవాళ్లకు తెలియకుండా పెట్టే పెట్టుబడి ఏదైనా ఉంటే, ఈ రాత్రికే చెప్పేయండి. ఆవిడ వద్దంటుందని మీకు ముందే తెలుసు, అందుకే చెప్పలేదు. దేవుడు మీతో మాట్లాడటానికి దర్శనాలే అక్కర్లేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నేను గుడిలోనే ఓ గంట కూర్చుంటాను. సంతకం పెట్టాల్సిన కాగితాలు ఎవరికైనా ఉంటే పట్టుకురండి, పెట్టేసినవైనా సరే. తహసీల్ ఆఫీసు కాగితాలు ఒడియాలో ఉంటాయి, మనలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు, చదివి చెప్పడానికి మా అబ్బాయి ఉంటాడు. ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారని నేను అడగను. కళ్లజోడు మాత్రం మర్చిపోకండి.