సోలార్: కుళాయి సైజు కాదు, బిందెలు లెక్కపెట్టండి

నమస్తే. "3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం, ఇక రాత్రీ పగలూ ఏసీ వేసుకోవచ్చు కదండీ?" ఈ ప్రశ్న ఆగడం లేదు. ఈ లెక్క డబ్బు కట్టించుకోక ముందే చెప్పాల్సింది.

కిలోవాట్ అంటే కుళాయి ఎంత లావు అని. యూనిట్ అంటే ఎన్ని బిందెలు నిండాయి అని. బిల్లు వేసేది బిందెలకే.

[స్క్రీన్ మీద: 1 కిలోవాట్ × 24 గంటలు = 24 యూనిట్లు]

అది కుళాయి రోజంతా తిప్పి ఉంచితే. 1 కిలోవాట్ సోలార్ కుళాయి మన ఎండకి రోజుకి సగటున 4 బిందెలు నింపుతుంది. 3 కిలోవాట్లకి 12 యూనిట్లు, నెలకి 360 దాకా. మామూలు ఇంటికి ఇది మంచి రాబడే. పొగ లేదు, బొగ్గు లేదు, ప్యానెళ్లు పాతికేళ్లు నిలుస్తాయి. కాకపోతే ఆ బిందెలన్నీ పగలే నిండుతాయి.

ఇంకో అపోహ: ఎండ మండితే కరెంటు ఎక్కువొస్తుందని. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని రేటింగ్ 25 డిగ్రీల దగ్గర కొలిచినది. ఆపైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీలకి కాలితే 14 శాతం పోయినట్టే. అందుకే స్లాబుకి ఆనించి బిగించనివ్వకండి, కింద గాలి ఆడాలి.

[దగ్గరి షాట్: ప్యానెల్ మూల మీద వాటర్ ట్యాంకు నీడ]

ఈ నీడ చూడండి. ప్యానెళ్లు వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. పైపుని ఒకచోట నొక్కితే ధార అంతా సన్నబడుతుంది కదా, అదే ఇక్కడా. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటుని పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్లు కొంత కాపాడతాయి, పూర్తిగా కాదు. ఉదయం 9కి, సాయంత్రం 4కి డాబా ఎక్కి నీడ ఎక్కడ పడుతుందో చూసి, ఆ తర్వాతే స్ట్రక్చర్ బిగించనివ్వండి.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుందేంటని చాలామందికి కోపం. సోలార్ ఇన్వర్టర్ అంటే ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె. బ్యాటరీ లేనిదైతే అది ఆగి తీరాలి. స్తంభం మీద లైన్‌మ్యాన్ పనిచేస్తుంటే మీ డాబా నుంచి తీగల్లోకి కరెంటు వెళ్తే ప్రాణం పోతుంది. అది లోపం కాదు, రక్షణ.

ఇప్పుడు పెద్ద కుళాయి. కర్నూలు దగ్గర గని, శకునాల సోలార్ పార్కు 1000 మెగావాట్లు. పొద్దుగూకితే అదీ సున్నా. ఊళ్లో లైట్లు, ఫ్యాన్లు, టీవీలు వేసేది అప్పుడే. అందుకే ట్యాంకు కావాలి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు 6 పెట్టారు. కిందికి వదిలిన నీటిని అవి తిరిగి పైకి తోడగలవు. పగటి మిగులు కరెంటుతో తోడి, రాత్రి వదలొచ్చు. ఇలాంటి పద్ధతిలో 100 యూనిట్లు ఖర్చుపెడితే వెనక్కొచ్చేది 75 నుంచి 80. ఆ నష్టం తప్పదు, నా దృష్టిలో అది భరించదగ్గదే. వ్యవసాయ మోటార్లకి పగటిపూటే కరెంటిస్తే ఆ నష్టం కూడా ఉండదు, నిండిన బిందె నిండినట్టే వాడేసుకుంటాం.

టైం అయిపోతోంది, గాలి గురించి గబగబా. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులకి సోలార్ తగ్గితే, అనంతపురం గుట్టల మీద గాలిమరలు అందుకుంటాయి. కానీ గాలి వేగం సగానికి పడితే కరెంటు ఎనిమిదో వంతుకి పడిపోతుంది.

మీ ఇంటికి రాత్రి కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, అంటే బ్యాటరీతో కూడా నడిచేది, దానికి లిథియం బ్యాటరీ. కొటేషన్‌లో బ్యాటరీ ధర విడిగా రాయించుకోండి, ఎన్ని కిలోవాట్లని కాదు, ఎన్ని యూనిట్లు నిలవ ఉంటాయో అడగండి.