కర్రలు లేని కోలాటం, తేలికపడే మనసు

నమస్కారం. నా వెనుక కనిపిస్తున్నది చెన్నై మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కు. అమృతాంజనం తయారుచేసి, ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు దీనిది. తలనొప్పికి మందిచ్చిన మనిషి పేరున్న చోట మెదడు ఆరోగ్యం గురించి మాట్లాడటం నాకెంతో ఇష్టం.

ఈరోజు కర్రలు లేకుండా, చప్పట్లతో కోలాటం ఆడదాం. మీకు నడక నచ్చితే నడకే చాలు. నేను మాత్రం నడక మూడుసార్లు మొదలుపెట్టి మానేశాను. కోలాటంలో చేరి నాలుగేళ్లయింది, ఒక్కసారీ మానాలనిపించలేదు. మెదడులో మార్పు రావడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లు మన చేత చేయించేది ఇష్టమే.

2011లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూడండి. 55 నుంచి 80 ఏళ్ల లోపు వాళ్లు 120 మంది. సగం మంది ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున నడిచారు. మిగతావాళ్లు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేశారు. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం వయసుతో కుంచించుకుపోతుంది కదా, నడిచినవాళ్లలో అది సుమారు 2 శాతం పెరిగింది! రెండో జట్టులో తగ్గింది. మా అమ్మ వయసువాళ్లకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మరి ఆడిన వెంటనే మనసెందుకు తేలికవుతుంది? ఎండార్ఫిన్ల వల్ల, అంటే నొప్పిని తగ్గించే శరీరంలోని సహజ రసాయనాల వల్ల అని అంటుంటారు. కానీ రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడు చుట్టూ ఉన్న కాపలాను సులువుగా దాటలేవు. శరీరమే తయారుచేసే ఎండోకానబినాయిడ్లు అనే మరో రకం రసాయనాలు కొవ్వులో కరుగుతాయి కాబట్టి దాటగలవు. ఆ హాయిలో వాటికీ పాత్ర ఉందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కుంగుబాటుకు మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా వాటిని ఆపవద్దు, దయచేసి.

ఇక లేవండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. జతగా ఎదురెదురుగా నిలబడండి. ఎనిమిది లెక్క. ఒకటి నుంచి మూడు వరకు ముందుకు అడుగులు, నాలుగుకు ఎదుటివారి అరచేతులు తట్టాలి. ఐదు నుంచి ఏడు వరకు వెనక్కి, ఎనిమిదికి మీ చేతులే. మోకాళ్లు నొప్పిగా ఉంటే గెంతవద్దు, అడుగు వేస్తే చాలు.

ఇప్పుడు వేగం పెంచండి. ఆడుతూనే పక్కవారితో రెండు మాటలు మాట్లాడండి. మాట వస్తోంది, పాట పాడదామంటే ఊపిరి చాలడం లేదు. సరిగ్గా ఇదే మనకు కావలసిన వేగం. పాట హాయిగా వస్తే ఇంకొంచెం ఊపు, మాటే రాకపోతే నెమ్మది. ఛాతీలో నొప్పి గానీ తల తిరగడం గానీ ఉంటే ఆపి డాక్టరును కలవండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు ఇలాంటి వేగంతో వ్యాయామం చేయమని చెబుతోంది. పది పది నిమిషాలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. చెన్నై వేసవిలో ఉదయం ఏడు గంటల లోపే ఆడేయండి, వానాకాలంలో మేడ కింద ఖాళీ స్థలం చాలు.

అడుగు కుదిరిందా? అయితే జతలు మార్చుకోండి. కొత్త మనిషి చేతులు కాస్త ముందో వెనకో వస్తాయి, చూసి కలపండి. ఒకటి, రెండు, మూడు, తట్టండి!