మెడ ఆపరేషన్‌కి ముహూర్తం పెట్టేది రైలు టికెట్టా?

ఆగండి, స్క్రోల్ చేసేయకండి. ఆ పాంప్లెట్ మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. "ఒకే ట్రిప్పులో పళ్ల ఇంప్లాంటు, మెడ బిగింపు!" మెడ బిగింపంటే వేలాడే మెడ చర్మాన్ని కోసి బిగించడం. పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా ప్రతి గ్రూపులోనూ అదే. రేటు ఎక్కువా తక్కువా అని వారం నుంచి కామెంట్లలో కొట్టుకుంటున్నారు. రేటు కాదు బాబూ! మన వైపు మెడ ఆపరేషన్‌కి డేటు డాక్టరు పెట్టట్లేదు, విశాఖ వెళ్లే గుణుపూర్ పాసింజరు రైలు పెడుతోంది!

నవ్వకండి. మా పిన్నికి నాలుగు నెలల కిందటే గుండెలో స్టెంటు వేశారు. కూతురి పెళ్లి ఫోటోల్లో మెడ కింద వేలాడే చర్మం కనబడకూడదట. "ఎలాగూ చెకప్‌కి విశాఖ వెళ్తున్నాను కదరా, అదే టికెట్టు మీద ఇదీ అయిపోతుంది" అంది. ఆ పాంప్లెట్ నంబరుకి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి "రక్తం పలచబడే మాత్రలు ఐదు రోజులు ఆపేసి వచ్చేయండి మేడమ్" అందట. ఆపేసి! గుండె డాక్టర్ని అడగమని ఒక్క ముక్క లేదు.

మందు పూత స్టెంటు వేశాక ఈ రక్తం పలచబడే మాత్రలే, రెండు రకాలు, మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది వాడమంటారు. మధ్యలో మానేస్తే స్టెంటులోనే రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. మానకుండా కోయించుకుంటే చర్మం కింద రక్తం చేరే ప్రమాదం పెరుగుతుంది. అది మెడ అండీ, మోకాలు కాదు! బాగా ఉబ్బితే ఊపిరి గొట్టాన్నే నొక్కేస్తుంది. ఈ రక్తం చేరడం ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే. అప్పటికి మన పేషెంటు ఎక్కడ? తిరుగు రైల్లో, కిటికీ పక్కన, పల్లీలు తింటూ!

పళ్ల పని మాత్రం తక్కువా? చిగుళ్లు కోస్తే నోట్లో క్రిములు రక్తంలోకి పోతాయి. అందుకే ముందు అది ముగించాలి, పుండు మానాలి, ఆ తర్వాతే మెడ.

రైలును తిట్టట్లేదు నేను. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి వేయించిన లైను, మన గర్వం. కానీ ఆయన వేయించింది ప్రయాణానికి, ఆపరేషన్ డేట్లకి కాదు!

చివరికి గుండె డాక్టరు ఏడాది ఆగమన్నారు. పిన్ని కోపం నా మీద. "ఫోటోల్లో గెడ్డం కాస్త పైకెత్తు పిన్నీ" అన్నాను. ఫోన్ పెట్టేసింది. శుభలేఖ ఇంకా రాలేదు.