వెన్ను పక్కకి వంగిందని పిల్లల ఆట మాన్పించకండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది అమ్మానాన్నలు, కోచ్‌లు వచ్చారు, చాలా సంతోషం.

నా దగ్గరికొచ్చిన ఒక పాప గురించి చెప్తాను. పదమూడేళ్లు, బ్యాడ్మింటన్ ఆడుతుంది. వాళ్లమ్మ రెండు జడలు మడిచి రిబ్బన్లు కడుతుంటే కుడి రిబ్బను భుజానికి తగులుతోంది, ఎడమది తగలట్లేదు, ముందు జడ సరిగ్గా వెయ్యలేదేమో అనుకుని మళ్లీ విప్పి వేసిందట, అప్పటికీ అంతే. ఎక్స్‌రే తీస్తే 22 డిగ్రీల వంపు. చుట్టాలందరూ ఆట మాన్పించెయ్యండి అన్నారు, ఆ పిల్ల వంపు గురించి కాదు, రాకెట్ లాగేసుకుంటారని ఏడ్చింది.

ఇది స్కోలియోసిస్. వెన్నెముక ఊరికే పక్కకి వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది, అందుకే ముందుకి వంగితే ఒకవైపు పక్కటెముకలు పైకి లేస్తాయి. 10 డిగ్రీలు దాటితే ఆ పేరు పెడతాం, వందమంది టీనేజ్ పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. ఎక్కువమందిలో కారణం తెలీదు, కానీ స్కూల్ బ్యాగు వల్లో వంకరగా కూర్చోవడం వల్లో వచ్చేది మాత్రం కాదు, దయచేసి ఆ మాటని పిల్లల్ని తిట్టకండి. పొడుగయ్యే వయసులో వంపు త్వరగా పెరుగుతుంది, మనం కళ్లు పెట్టుకుని చూడాల్సింది అప్పుడే.

ఇక ఎక్సర్‌సైజులు. జర్మనీలో కాథరీనా ష్రోత్ అనే ఆవిడకి స్వయంగా ఈ వంపు ఉండేది, అద్దంలో చూసుకుంటూ లోపలికి నొక్కుకుపోయిన వైపుకి ఊపిరి పంపి సరిచేసుకోవడం సాధన చేసి, 1921లో మిగతావాళ్లకి నేర్పడం మొదలుపెట్టారు. మన పాపకి చేయించింది కూడా ఆ దారిలోనే. అద్దం ముందు స్టూల్ మీద కూర్చోబెట్టి, తల నడినెత్తిన తాడు కట్టి పైకి లాగినట్టు పొడుగవ్వమంటాను, ఎడమ పక్కటెముకల కింద గుంట మీద నా చెయ్యి పెట్టి ఇక్కడికి ఊపిరి తీసుకో అంటాను. మొదటి వారం నా చేతి కింద ఏ కదలికా లేదు, భుజాలే ఎగరేసింది. మూడో వారంలో ఒకరోజు అరచేతిని మెల్లగా తోసింది, అద్దంలో అది చూసుకుని ఆ పిల్ల మొహం చూడాలి! ఊపిరి వదిలేటప్పుడు ఆ సరిచేసిన పొజిషన్ జారిపోకుండా కండరాలు బిగించి పట్టుకోవాలి, అసలు కష్టం అక్కడే.

యూట్యూబ్‌లో చూసి అందరూ ఒకటే చేస్తే కుదరదండీ, ఎవరి వంపు వాళ్లది. ఒక్క ఎక్సర్‌సైజులతోనే వంపంతా మాయమవుతుందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు, పెరగకుండా ఆపడమే పెద్ద గెలుపు. ఎదిగే పిల్లలకి వంపు 25 డిగ్రీలు దాటితే బ్రేస్, అంటే వెన్ను ఇంకా వంగకుండా ఒంటి చుట్టూ వేసుకునే గట్టి తొడుగు, మాట వస్తుంది, అది బాగా పనిచేస్తుంది, ఎక్కువ గంటలు వేసుకుంటే ఇంకా బాగా పనిచేస్తుంది, మామూలుగా ఆట టైముకి తీసెయ్యొచ్చు. రాత్రుళ్లు నిద్రలేపే నొప్పి, కాళ్లు మొద్దుబారడం ఉంటే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఉసేన్ బోల్ట్‌కి కూడా స్కోలియోసిస్ ఉంది, నడుం, పొట్ట కండరాలు బలంగా ఉంచుకోడానికి ఏళ్లతరబడి కష్టపడ్డాడు, 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తింది ఆ వెన్నుతోనే.

ఇప్పుడు వెన్ను చూడ్డానికి పిల్లల్ని ఇటు పక్క గదిలోకి పంపండి, ఆడపిల్లలతో అమ్మలు కూడా రండి. చెప్పులు విప్పి, మోకాళ్లు వంచకుండా, రెండు అరచేతులూ కలిపి ముందుకి వంగితే చాలు, ఒక్కొక్కరికి ఒక నిమిషం కూడా పట్టదు.